నీరు బిళ్ళ

దొరబాబు పోర్టులో చేరిన ఉత్తర్వు, క్రేను నడపడానికి అర్హుడని ఇచ్చిన ధ్రువపత్రం, ఏటేటా జరిగిన కంటి పరీక్షల ఫలితాలు, మోకాలి ఎక్స్‌రే, ఆసుపత్రి చీటీలు, అన్నింటి నకళ్ళూ నా దగ్గర ఉన్నాయి. రెండేళ్ళపాటు అతని నెత్తుట్లో కలిసిన మందుకు మాత్రం ఒక్క కాగితం లేదు. ఇది రాయడానికి కారణం ఆ లేని కాగితమే.

అతనిది భీమిలి పక్కనున్న ఒక చేపల పల్లె. 1966లో రోజుకూలీగా రేవులో కాలుపెట్టి, ఎనిమిదేళ్ళకు క్రేను డ్రైవరయ్యాడు. మల్కాపురంలో మా వీధి చివరి ఇల్లు వాళ్ళది. ఇంట్లో అతనూ, భార్య సన్యాసమ్మా ఇద్దరే. నా పేరు అచ్యుతరామయ్య, పోర్టు కార్యాలయంలో హెడ్ క్లర్కుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కార్మికులకు అర్జీలు రాసిపెట్టే అలవాటు మానలేదు కనుక వాళ్ళందరికీ పంతులుగారినే.

క్రేను పని తెలియని వారికోసం ఒక మాట చెప్పాలి. నిచ్చెన మెట్లన్నీ ఎక్కి క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవరుకు, రేవులో ఉండే రొదలో, కింది నుంచి ఏ కేకా వినిపించదు. కింద ఒక మనిషి నిలబడి చేత్తో సైగ చేస్తాడు. చూపుడు వేలు పైకి పెట్టి తిప్పితే బరువు లేపాలి. కిందికి పెట్టి తిప్పితే దించాలి. పిడికిలి బిగిస్తే ఆపాలి. డ్రైవరు ఓడను చూడడు, సముద్రాన్ని చూడడు. ఆ వేలిని చూస్తాడు. దొరబాబు చూసిన వేలు పదకొండేళ్ళుగా ఒక్కటే, జాన్‌బాబుది. ఒకడు నూకాలమ్మకు మొక్కేవాడు, ఇంకొకడు ఆదివారం ప్రార్థనకు వెళ్ళేవాడు. పిలుచుకోవడం మాత్రం బావా అనే.

1984 వానాకాలంలో దొరబాబు ఎడమ మోకాలు వాచింది. మా వైపు వాపును నీరు పట్టడం అంటారు. నిచ్చెన ఎక్కలేక అతను శ్రీరామ్మూర్తి దగ్గరికి వెళ్ళాడు. శ్రీరామ్మూర్తి ఒకప్పుడు ఎవరో డాక్టరు దగ్గర కాంపౌండరు. తరువాత మా వీధి మలుపులో తానే ఒక గది తెరిచాడు. అతను పాత పేపరు ముక్కలో చుట్టి చిన్న తెల్లటి బిళ్ళలు ఇచ్చాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మర్నాటికి నొప్పి లేదు, మూడోనాటికి వాపు లేదు. మానేస్తే మళ్ళీ నొప్పి వచ్చేది, కనుక మానలేదు. దానికి వాళ్ళింట్లో పెట్టుకున్న పేరు నీరు బిళ్ళ.

ఏడాది తిరిగేసరికి ఎముకలు కనిపించే అతని ముఖం గుండ్రంగా నిండింది. ఆకలి పెరిగింది. వీధిలో ఆడవాళ్ళు సన్యాసమ్మను ఆటపట్టించేవారు.

"ఏటే సన్యాసమ్మా, మీ ఆయన్ని మళ్ళీ పెళ్ళికొడుకుని సేత్తన్నావా ఏటి?"

"నా సేతి వొంట మహత్యం. మీరూ పెట్టుకోండి మీ మొగుళ్ళకి," అని ఆవిడ మురిసిపోయేది. ఆ నిండుతనం మందు వల్ల వచ్చిన వాపని మాలో ఎవరికీ తట్టలేదు. రోజూ చూసే నాకూ తట్టలేదు.

1986 ఏప్రిల్‌లో ఒకనాటి ఉదయం, కడుతున్న ఉక్కు కర్మాగారం కోసం ఓడలో వచ్చిన ఒక యంత్రభాగాన్ని దించుతున్నారు. బరువు గాలిలో ఉండగా దొరబాబు జాన్‌బాబు వైపు చూశాడు. చెయ్యి కనిపించింది. చేతి చివర వేలు ఉండవలసినచోట సూర్యుణ్ణి చూసి తల తిప్పుకున్నప్పుడు మిగిలే మచ్చలాంటిది, గోధుమరంగు బిళ్ళంత, నిలబడి ఉంది. కళ్ళు నులుముకున్నాడు. మచ్చ పోలేదు. ఎడమకన్ను మూస్తే మచ్చ ఇంకా చిక్కనైంది. తిన్నగా వేలాడవలసిన ఇనుపతాడు నడుమ వంకర తిరిగింది. కుడికన్ను మూస్తే అన్నీ తిన్నగానే ఉన్నాయి. అతను బరువును ఎక్కడిదక్కడ ఆపేశాడు. ఎడమకంటితో కొలుచుకుంటూ, ఒళ్ళంతా చెమటలు పడుతుండగా దించి, కిందికి వచ్చాడు.

"ఏటి బావా, నిద్దరోనావా పైన? మా నెత్తి మీద కొండ ఏలాడదీసి సోద్యం సూత్తన్నావా?" అన్నాడు జాన్‌బాబు.

"నీ ఏలు కనిపించనేదురా."

"ఇదుగో, ఉంది గదేటి. తెగి పడిపోనేదు. ఓ కళ్ళజోడు పెట్టుకో, ఆఫీసరులాగుంటావు."

"నవ్వకురా. సెయ్యి కనిపించింది. ఏలు కాడ ఏటీ నేదు. లేపమన్నావో దించమన్నావో తెల్దు. లేపమన్నావనుకుని నాను లేపీసుంటే? దించమన్నావనుకుని దించీసుంటే?"

జాన్‌బాబు తన వేలివైపు తానే ఒకసారి చూసుకున్నాడట. ఇక నవ్వలేదు.

దొరబాబు మోకాలినొప్పి అని సెలవు పెట్టాడు. జూలైలో ఏటేటా జరిగే కంటి పరీక్ష ఉంది. అందులో తప్పితే క్రేను దిగిపోవాలి. ఆ భయం ఒకటి. పరీక్షకు ముందే చూపంతా పోతుందేమోనన్న భయం మరొకటి. రెండో భయం మొదటిదాన్ని మింగేసింది.

నగరంలో ఒక ఆసుపత్రిలో కళ్ళ డాక్టరు ఫ్లోరెన్స్ గారు అతన్ని చూశారు. మితభాషిణి, తొందరపడని మనిషి. దీపం పెట్టి రెండు కళ్ళూ చాలాసేపు పరిశీలించి, "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగారు.

"కంటికి ఏ మందూ ఎయ్యనేదమ్మా," అన్నాడతను. అది అబద్ధం కాదు. కళ్ళ డాక్టరు అడిగింది కంటి మందు గురించేనని అతను అనుకున్నాడు. ఆవిడ చీటీలో మందులు లేవని రాసుకున్నారు. ఆ చీటీ నా దగ్గర ఉంది.

"కంటి వెనక పొర కింద నీరు చేరింది. చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే ఇంకిపోతుంది. కంగారుపడకండి, నెల తరువాత రండి," అన్నారు డాక్టరమ్మ.

ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క మాట మాత్రమే ఇంటికి చేరింది. నీరు.

"ఓస్, ఇదేనా!" అంది సన్యాసమ్మ, గుండెల మీద చెయ్యి వేసుకుని. "నీరే గదా. మన కాడ నీరు బిళ్ళుంది గదేటి. అంత మోకాల్లో నీరు రెండు రోజుల్లో లాగీసింది. కాలెంత, కన్నెంత?"

దొరబాబు శ్రీరామ్మూర్తిని కూడా అడిగాడు. అతను తడుముకోలేదు. "నీరన్నాక ఎక్కడున్నా నీరే. రెండు సాలవు, పూటకి రెండు సొప్పున మూడు పూటలా ఎయ్యి," అన్నాడు. రోజుకు రెండు బిళ్ళలు ఆరయ్యాయి.

రెండు వారాల్లో కుడికంటి మచ్చ పెద్దదైంది. మూడో వారంలో ఎడమకంట్లో కూడా మచ్చ మొదలైంది. దొరబాబుకు పక్కలన్నీ కనిపించేవి; చూడదలచిన చోటు మాత్రం కనిపించేది కాదు. కంచం అంచు కనిపించేది, చేత్తో కలిపిన ముద్ద కనిపించేది కాదు. సన్యాసమ్మ జడ, చెవులు, భుజాలు కనిపించేవి. వాటి మధ్య ముఖం ఉండేది కాదు. ఆవిడ దగ్గరికి రాబోతే అతను కళ్ళు మూసుకునేవాడు. ఆవిడకు అర్థంకాక ఏడ్చేది. పొద్దున లేవగానే గోడమీది క్యాలెండరు ముందు నిలబడి, ఒక కన్ను మూసి ఒకటి తెరిచి, గళ్ళ గీతలు ఎన్ని వంగాయో చూసుకునేవాడు. గీతలు వంగినకొద్దీ బిళ్ళ మరింత శ్రద్ధగా వేసుకునేవాడు. డాక్టరమ్మ రమ్మన్న నెల దాటినా, బిళ్ళ పనిచేసేదాకా చూద్దామని వెళ్ళలేదు.

జూన్ మొదటివారంలో అతను భార్య భుజం పట్టుకుని నా ఇంటికి వచ్చాడు. వేరే పని ఇమ్మని అర్జీ రాయాలట. "పంతులుగారూ, పరీచ్చకి ముందే సెప్పుకుంటే మంచిదా? గుడ్డోడికి పోర్టులో ఏటి పని ఉంటాది?" అన్నాడు.

వైద్యానికి సంబంధించిన కాగితాలన్నీ తెమ్మన్నాను. ఎక్స్‌రే వచ్చింది, డాక్టరమ్మ చీటీ వచ్చింది. వాటితోపాటు, అది కూడా వైద్యమే కదా అనుకుని, సన్యాసమ్మ పేపరు పొట్లం కూడా తెచ్చింది.

"ఇదేమిటి?"

"నీరు బిళ్ళలండి. ఈటి వల్లే ఇంకా నెట్టుకొత్తన్నాం."

"దీని పేరేమిటి?"

"అదేనండి, నీరు బిళ్ళ."

"అది మీరు పెట్టుకున్న పేరమ్మా. తయారుచేసినవాడు పెట్టిన పేరు?"

"బిళ్ళకి కూడా ఇంటిపేరుంటాదేటండి?" అంది ఆవిడ అమాయకంగా.

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మీద కాదు. ఒక రూళ్ళకర్ర కొంటే రసీదు పుచ్చుకునే దేశంలో, రెండేళ్ళు ఒక మనిషి నోట్లో వేసుకున్న పదార్థానికి పేరు లేకపోవడం మీద. పొట్లం పట్టుకుని శ్రీరామ్మూర్తి గదికి వెళ్ళాను.

"పేరు తెలుసుకుంటే రోగం తగ్గుద్దా పంతులుగారూ?" అన్నాడతను నవ్వుతూ. "రైలు నంబరు తెలీకుండా ఎంతమంది ఊరెల్డం లేదు!"

"నంబరు తెలియకుండా ఎక్కుతారు. ఏ ఊరు పోతుందో తెలియకుండా ఎవరూ ఎక్కరు. డబ్బా ఇటు తిప్పు."

బల్లమీద ఉన్న పెద్ద డబ్బా పేరున్న వైపు గోడకు తిరిగి ఉంది. అతను కదల్లేదు. నేనే తిప్పాను. ప్రెడ్నిసొలోన్ అని ఉంది. స్టెరాయిడ్. అక్కడే నిలబడి నా పుస్తకంలో రాసుకున్నాను. అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఇంట్లో ఉన్న పాత వైద్యపుస్తకం తీసి చూశాను. ముఖం గుండ్రంగా వాయడం, ఎముకలు గుల్లబారడం, రక్తపోటు, చక్కెర. అక్కడిదాకా చదివేసరికి నా కోపానికి కావలసిందంతా దొరికింది. పేజీ తిప్పలేదు. దొరబాబు ఇంటికి వెళ్ళి, "ఇది విషం. పారెయ్. ఇకమీద ఒక్కటి కూడా ముట్టుకోకు," అని చెప్పాను. అతను నా ఎదుటే బిళ్ళలన్నీ కాలువలో పోశాడు. నేను తృప్తిగా తిరిగివచ్చాను.

నాలుగోనాటి ఉదయం సన్యాసమ్మ మా గుమ్మంలో నిలబడి అరిచింది. వెళ్ళి చూస్తే దొరబాబు మంచం మీద ఉన్నాడు. వాంతులు. చేతులు చల్లగా ఉన్నాయి. కూర్చోబెడితే తల వాలిపోతోంది. "నాను ఎల్లిపోతన్నానా పంతులుగారూ?" అని అడిగాడు. జాన్‌బాబు అతన్ని భుజాన వేసుకుని ఆటోలో కూర్చోబెట్టాడు. ఆసుపత్రిలో యువ డాక్టరొకాయన, ఏ మందులు వాడాడని అడిగితే, నా పుస్తకంలోని పేరు చూపించాను. ఆయన ముఖం మారిపోయింది. పరుగెత్తి వెళ్ళి ఇంజక్షను తెచ్చారు, సెలైను పెట్టారు. ఇచ్చిన ఇంజక్షను కూడా స్టెరాయిడే. ఏ మందు కళ్ళను తింటోందో ఆ జాతి మందే ప్రాణాన్ని పట్టి నిలిపింది. మధ్యాహ్నానికి దొరబాబు మంచినీళ్ళు అడిగాడు.

కబురందుకుని ఫ్లోరెన్స్ గారు వచ్చారు. కేసు కాగితం చదివి, "ఉన్నట్టుండి ఎవరు ఆపమన్నారు?" అని అడిగారు.

"నేనే," అన్నాను.

"మందు ఇచ్చినవాడు ఒక తప్పు చేస్తే, ఆపించి మీరు ఇంకొకటి చేశారు, అచ్యుతరామయ్య గారూ. చదువుకున్నవారు, పుస్తకంలో తరువాతి పేజీ చూడవలసింది." గొంతు పెంచకుండానే అన్నారు. ఇంటికి వచ్చి ఆ పేజీ తిప్పాను. హఠాత్తుగా ఆపరాదని మొదటి పంక్తిలోనే ఉంది.

మూడోనాడు దొరబాబు మంచం పక్కన కూర్చుని ఆవిడ మాకు జరిగినదంతా విప్పి చెప్పారు. మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయి. ఒంటికి కావలసిన ఒక హార్మోనును అవే తయారుచేస్తాయి. ఈ బిళ్ళ దానికి నకలు. రెండేళ్ళు బయటినుంచి నకలు వస్తూ ఉంటే గ్రంథులు పని మానుకుని పడుకున్నాయి. నకలు ఒక్కసారిగా ఆగేసరికి ఒంట్లో అసలూ లేదు, నకలూ లేదు.

"మరి కన్నమ్మా?" అన్నాడు దొరబాబు.

"మీ రేవులో డ్రై డాకు చూశారు కదా?"

"సూడకేటమ్మా. గేటు ఏసీసి, పంపులెట్టి నీరు తోడీసి, ఓడ అడుగు బాగు సేత్తారు."

"కంటి వెనక చూపు పొర ఉంటుంది. దాని కింద ఒకే వరసలో నల్లటి కణాలుంటాయి. ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని అవే గేటు, అవే పంపులు. వాటి కింద రక్తనాళాల సముద్రం. తేమ పైకి రాకుండా చూసేవీ, వచ్చినదాన్ని కిందికి తోడేసేవీ ఆ కణాలే. ఈ హార్మోను ఎక్కువైతే కొందరిలో వాటి అతుకు వదులవుతుంది, తోడే పని తప్పుతుంది. ఎందుకన్నది ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదు. స్టెరాయిడ్ వాడినవాళ్ళలో ఇలా వస్తోందని ఈ మధ్యనే పత్రికల్లో చదివాను. మీరు వాడుతున్నట్టు ఆరోజు తెలిసి ఉంటే..." అని ఆగిపోయారు.

సన్యాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీరు లాగీసే బిళ్ళ అనుకుని, నా సేత్తో నానే నీరు పోసినానామ్మా?"



"ఒక్క సంగతి," అన్నారు డాక్టరమ్మ. "భయం, ఆందోళన ఎక్కువైనా ఆ గ్రంథులు అదే హార్మోనును ఎక్కువగా వదులుతాయి. కనుక భయపడకూడదు."

ధైర్యం చెప్పడానికి అన్న మాట అది. దొరబాబుకు అంతకంటే భయంకరమైన మాట ఇంకొకటి వినిపించలేదు. ఆవిడ వెళ్ళాక నా చెయ్యి పట్టుకున్నాడు. "భయపడితే కళ్ళు పోతాయట పంతులుగారూ. భయపడకుండా ఉండడానికి నానేటి సేసీది? భయమేత్తందేమో అని భయమేత్తంది."

మరుసటి వారం చేతి నరంలోకి పసుపు రంగు మందు ఎక్కించి కంటి ఫొటోలు తీశారు. నల్లటి ఫొటోలో ఒక తెల్లని చుక్క, దాని నుంచి పైకి లేచి గొడుగులా విప్పుకున్న తెలుపు. కారుతున్న చోటు అదేనన్నారు. ఫొటోను కంటికి ఒక పక్కగా పెట్టుకుని చూసి, "మన మల్కాపురం ఆయిల్ కంపెనీ గొట్టం పొగలాగుంది," అన్నాడు దొరబాబు. ఆ రోజంతా ఒళ్ళూ మూత్రమూ పచ్చబడితే, రంగు మందు వల్లేనని డాక్టరమ్మ ముందే చెప్పినా, కామెర్లని వణికిపోయాడు.

ఆ తరువాత తగ్గింపు మొదలైంది. ఏ వారం ఎన్ని బిళ్ళలో, ఎప్పుడు సగమో, ఎప్పుడు పావో డాక్టరమ్మ చెబితే, నేను పెద్ద కాగితం మీద గళ్ళు గీసి రాశాను. అతను వేసుకున్న ప్రతి బిళ్ళకూ సన్యాసమ్మ ఒక గీత పెట్టేది. మోకాలినొప్పి తిరిగొచ్చింది. అతను పళ్ళు బిగించి భరించాడు. బిళ్ళ వేసుకున్నప్పుడు కన్ను పోతుందని భయం, తగ్గించినప్పుడు ప్రాణం పోతుందని భయం. నాలుగు నెలలు అతను రెండు భయాల మధ్య నడిచాడు. ఆగస్టులో ఒకరోజు అన్నం తింటూ తలెత్తి, "నీ ముక్కుపుడక రాయి ఊడిపోయిందేటే?" అన్నాడట. ఆవిడ తడుముకుని చూసుకుంటే నిజమే. రాయి పోయినందుకు అంత సంతోషించిన ఆడదాన్ని నేను చూడలేదు.

శ్రీరామ్మూర్తి మీద నేను అధికారులకు మూడు అర్జీలు పెట్టాను. అందినట్టు మూడు కార్డులు వచ్చాయి. వాటినీ దాచాను. అతని గది ఈనాటికీ తెరిచే ఉంది. డబ్బా మీది పేరు కాగితం మాత్రం చింపేశాడు.

వాయిదా పడిన కంటి పరీక్ష డిసెంబరులో జరిగింది. తోడుగా నేనూ, జాన్‌బాబూ వెళ్ళాం. దొరబాబు ఎడమకంటితో చిట్టచివరి వరస చదివాడు. కుడికంటితో మెల్లగా, తడబడుతూ, అదీ చదివాడు. పరీక్షించే డాక్టరు కలం తీసి, "ఫిట్. వెళ్ళు," అన్నారు.

దొరబాబు కదల్లేదు. "బాబూ, ఆ కిటికీ ఊస నాకు కుడికన్నుతో మధ్యన కొంచెం వొంకరగా కనిపిత్తందండి."

"నేను అడిగింది అక్షరాలు. కిటికీ అడగలేదు కదా?"

"మీరు అడగనేదు బాబూ. నాను సెప్పాల గదా."

ఆయన గీతలున్న కార్డు తెప్పించి మళ్ళీ పరీక్షించారు. కలం దించి వేరే మాట రాశారు. క్రేనుకు పనికిరాడు. ఇనుపతాళ్ళు, కొక్కేలు భద్రపరిచే గోదాములో పని ఇవ్వవచ్చు.

బయటికి రాగానే జాన్‌బాబు విరుచుకుపడ్డాడు. "బుర్రుందేటి బావా నీకు? పాసయిపోయినోడివి నోరు మూసుకుని రావొచ్చు గదా! అంత పిసరు వొంకరికి ఏటైపోద్ది?"

"ఏటీ అవదేమో. అయితే నీకే అవుద్ది. కింద నిలబడీది నువ్వు గదేటి."

జాన్‌బాబు గేటు దాటేదాకా దొరబాబు చెయ్యి వదలకుండా పట్టుకుని నడిచాడు.